జవాబు రాకపోతే ఏం చేస్తావు?

చాయ్ బండి దగ్గర స్కాన్ చేసి 20 రూపాయలు కొట్టారు. డబ్బు కట్ అయినట్టు మీ ఫోన్‌కి మెసేజ్ వచ్చేసింది. బండి మీదున్న డబ్బా మాత్రం నోరు విప్పలేదు. చాయ్ ఆయన మీ వంక చూస్తాడు, మీరు డబ్బా వంక చూస్తారు. ఆ కాసేపట్లో మీ బ్యాంకు, ఆయన బ్యాంకు, మధ్యలో ఎన్‌పీసీఐ, యాప్ కంపెనీ, వీటన్నిటి కంప్యూటర్లూ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటూ ఉంటాయి. ఒక్కొక్కటి ఒక్కో సంస్థది, ఒక్కో కాలంలో ఒక్కో భాషలో రాసింది. వాటి మధ్య మాట కలిపే పనిని మా ఫీల్డులో ఇంటిగ్రేషన్ అంటారు. ఆర్డరు రావడం దగ్గర్నుంచి సరుకు చేరి బిల్లు వసూలయ్యేదాకా దేని తర్వాత ఏది జరగాలో నడిపించేది బిజినెస్ ప్రాసెస్ సాఫ్ట్‌వేర్. ఈ రెండూ ఎప్పుడూ జంటగానే ఉంటాయి.

నా ఉద్యోగం ఇదే. ఆరేళ్లుగా చేస్తున్నా. రెండేళ్లుగా కొత్తగా చేరినవాళ్లకు నేర్పే పని కూడా నా మీద పడింది. అందుకే చుట్టాల్లో, ఫ్రెండ్స్ తమ్ముళ్లలో ఎవరు బీటెక్ అయిపోయినా ఒకటే ప్రశ్న అడుగుతారు: "అన్నా, మ్యూల్‌సాఫ్ట్ నేర్చుకోమంటావా, టిబ్కో నేర్చుకోమంటావా, బిజ్‌టాక్‌కి ఇంకా ఉద్యోగాలున్నాయా?" ఈ వారం దానికే జవాబు. కాస్త చుట్టు తిరిగి చెప్తాను, ఓపిక పట్టండి.

అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల నడిస్తే ఈ పేర్లన్నీ బోర్డుల మీద కనిపిస్తాయి. ఆ సందులను వెక్కిరించే అలవాటు నాకు లేదు. కాలేజీ నాలుగేళ్లలో చెప్పనిది అక్కడ రెండు మూడు నెలల్లో నేర్చుకుని బతుకులు నిలబెట్టుకున్నవాళ్లు వేలల్లో ఉన్నారు. నా బాధ వేరు. ఈమధ్య ఒక ఇంటర్వ్యూ ప్యానెల్లో కూర్చున్నాను. ఒకమ్మాయి వచ్చింది. నాలుగు నెలలు హాస్టల్లో ఉండి కోర్సు చేసింది. ఆ టూల్‌లో ఏ బొమ్మ ఎక్కడుందో, దేన్ని ఎక్కడికి లాగాలో కళ్లు మూసుకుని చెప్తోంది. మా సీనియర్ ఒకే ఒక్క ప్రశ్న వేశారు. "నువ్వు ఆర్డరు పంపావమ్మా. అవతల్నుంచి జవాబు రాలేదు. ఏం చేస్తావు?"

"మళ్లీ పంపిస్తాను సార్."

"మొదటిది అప్పటికే చేరిపోయి ఉంటే?"

ఆ అమ్మాయి ఆగిపోయింది. తెలివి లేక కాదు. నాలుగు నెలల్లో ఒక్కరు కూడా తనని ఆ ప్రశ్న అడగలేదు, అంతే. ఆ రోజు ఆమెకు ఉద్యోగం రాలేదు. హాస్టల్ ఫీజూ కోర్సు ఫీజూ కలిపి ఇంట్లోవాళ్లు ఎంత కష్టపడి కట్టారో నేను ఊహించుకోగలను.

ఇది ఇన్‌స్టిట్యూట్‌ల తప్పు ఒక్కటే కాదు. పెద్ద కంపెనీల్లో ఇచ్చే శిక్షణ కూడా చాలాచోట్ల ఇలాగే ఉంటుంది. అన్నీ సవ్యంగా జరిగే దారి ఒక్కటే చూపిస్తారు. ఇక్కడ ఫైల్ పెట్టు, అక్కడ రంగు మారింది చూడు, ఇదిగో అవుట్‌పుట్. చివర్లో నాలుగు ఆప్షన్ల పరీక్ష, ఒక సర్టిఫికెట్. అసలు ఉద్యోగంలో సవ్యంగా జరిగే దారి రాయడం చిన్న పని. రెండో రోజుకల్లా అయిపోతుంది. మిగతా కాలమంతా ఏదో ఒకటి తప్పినప్పుడు ఏం జరగాలో ఆలోచించడంతోనే సరిపోతుంది.

అందుకే నా బ్యాచ్‌కి మొదటి రోజు కంప్యూటర్ తెరవనివ్వను. తెల్ల కాగితాలు ఇచ్చి, పెళ్లి చేయమంటాను. ముహూర్తం పెట్టించాలి, ఫంక్షన్ హాల్‌కి అడ్వాన్స్ ఇవ్వాలి, వంటవాళ్లను మాట్లాడుకోవాలి, శుభలేఖలు అచ్చేయించి పంచాలి, సన్నాయి మేళం, ఫొటోగ్రాఫర్, పురోహితుడు. దేని తర్వాత ఏది? ఏవేవి ఒకేసారి చేసుకోవచ్చు? ముహూర్తం తేలకుండా హాల్ బుక్ చేయలేం, హాల్ దొరక్కుండా శుభలేఖ అచ్చేయలేం. అందరూ హుషారుగా బాణాలు గీసేస్తారు. బొమ్మ చక్కగా వస్తుంది.

అప్పుడు చెప్తాను: "పెళ్లికొడుకు తాతగారు పోయారు. పెళ్లి వాయిదా. ఇప్పుడు గీయండి."

గది నిశ్శబ్దమైపోతుంది. హాల్‌వాడు అడ్వాన్స్‌లో సగమే వెనక్కిస్తాడు. వంటాయన వేరే తేదీకి సర్దుకుంటానంటాడు. పంచిన శుభలేఖలను మాత్రం ఇళ్లిళ్లకూ తిరిగి వెనక్కి తెచ్చుకోలేం. అందరికీ ఫోన్ చేసి వాయిదా పడిందని చెప్పుకోవాల్సిందే. అంటే ప్రతి పనికీ విరుగుడు పని ఒకటి ఉండాలి, అది అసలు పనికి అచ్చు తిరగేసినట్టు ఉండదు. ఒకసారి వెళ్లిపోయిన ఎస్సెమ్మెస్ కూడా శుభలేఖ లాంటిదే. చెరపడం కుదరదు, మరొకటి పంపి సర్దిచెప్పాలి.

ఇది నేను కనిపెట్టింది కాదు. 1987లోనే ప్రిన్స్‌టన్‌కు చెందిన హెక్టర్ గార్సియా మోలినా, కెనెత్ సేలం ఇద్దరూ 'సాగాస్' అనే పరిశోధనా పత్రంలో ఈ ఆలోచన పెట్టారు. పెద్ద పనిని చిన్న చిన్న పనులుగా విడగొట్టి, ఒక్కోదానికి విరుగుడు రాసిపెట్టుకోవాలన్నది అందులోని సారం. మన దేశంలో ఇది చట్టంలాంటి మాటగా కూడా ఉంది. 2019 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, ఏటీఎంలో ఖాతా నుంచి డబ్బు కట్ అయి నోట్లు రాకపోతే, లావాదేవీ రోజు తర్వాత 5 రోజుల్లోగా బ్యాంకే తనంతట తాను వెనక్కి వేయాలి. దాటితే రోజుకి 100 రూపాయల చొప్పున పరిహారం. యూపీఐలో ఒకరికి పంపిన డబ్బు అవతలి ఖాతాలో పడకపోతే మర్నాటికల్లా వెనక్కి రావాలి. విరుగుడు పని ఎవరు చేయాలి, ఎన్నాళ్లలో చేయాలి, చేయకపోతే ఏమవుతుంది అన్నది ఇంత స్పష్టంగా రాసిన పాఠం నాకు ఏ కోర్సులోనూ కనపడలేదు. మా క్లాసులో దాన్ని చదివిస్తాను.

రెండో రోజు ఆ అమ్మాయిని అడిగిన ప్రశ్నే. దీనికి నా ఉదాహరణ పెరుగు ప్యాకెట్. అమ్మ నాన్నకి ఫోన్ చేసి "వచ్చేటప్పుడు పెరుగు తెండి" అంది. మాట పూర్తయ్యేలోపే కాల్ కట్. ఆయనకి వినపడిందో లేదో తెలీదు. మళ్లీ చేస్తే కలవలేదు. ఎందుకైనా మంచిదని కొడుక్కి చెప్పింది. రాత్రికి ఇంట్లో రెండు ప్యాకెట్లు. పెరుగైతే మజ్జిగ చేసుకుంటాం. అదే ఇంటి ఈఎంఐ రెండుసార్లు కట్ అయితే?

జవాబు రాలేదంటే పని జరగలేదని అర్థం కాదు. 'తెలీదు' అని అర్థం. మా వృత్తిలో ఇంతకన్నా ముఖ్యమైన వాక్యం లేదని నా నమ్మకం. దీనికి మందు కూడా పెద్ద విద్యేం కాదు. ప్రతి కోరికకూ ఒక నంబరు ఇవ్వాలి. మళ్లీ పంపినా అదే నంబరుతో పంపాలి. అవతలివాడు చూసి "ఇది ఇందాకే చేశాను, ఇదిగో ఫలితం" అనాలి, రెండోసారి చేయకూడదు. యూపీఐ రసీదులో కనిపించే 12 అంకెల రిఫరెన్స్ నంబరు కూడా ఇలాంటి గుర్తే. ఏ చెల్లింపు గురించి మాట్లాడుతున్నామో రెండు వైపులకూ తికమక లేకుండా తేల్చేది అదే.

మూడో రోజు మన పేర్ల మీద. ఇది తెలుగువాళ్లకు బాగా అర్థమవుతుంది. ఇంటిపేరు ముందు రాస్తాం, అది కూడా చాలాసార్లు పొడి అక్షరంలో. ఆధార్‌లో ఒకలా, పాన్‌లో ఒకలా, టెన్త్ మెమోలో ఇంకోలా. అమెరికా ఫారంలో ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని రెండు గళ్లుంటాయి. అక్కడికి వెళ్లాక ఇంటిపేరుతో పిలిపించుకుంటున్నవాళ్లు మీకూ తెలిసే ఉంటారు. తేదీ సంగతీ అంతే. 04/05 అని రాస్తే మనకి మే 4, అమెరికావాళ్లకి ఏప్రిల్ 5. ఒక సిస్టమ్‌లోని గడిని ఇంకో సిస్టమ్‌లోని గడికి గీతతో కలపడం టూల్ నేర్పుతుంది. రెండు గళ్లలోనూ ఉన్నది ఒకే అర్థమేనా అని అడగడం మనిషే నేర్పాలి.

నాలుగో రోజు చిరునామా దొరకని ఉత్తరాలు. పోస్టల్ శాఖలో అలాంటి వాటికి ప్రత్యేకంగా ఒక ఆఫీసు ఉంటుంది. ఇప్పుడు రిటర్న్‌డ్ లెటర్ ఆఫీస్ అంటారు, పూర్వం పేరు డెడ్ లెటర్ ఆఫీస్. మేమూ ఆ పేరే తీసుకున్నాం. చేరవేయలేని మెసేజ్‌లను పడేసే చోటుని డెడ్ లెటర్ క్యూ అంటాం. పిల్లలు దాన్ని చక్కగా కడతారు. రోజూ పొద్దున్నే దాన్ని తెరిచి చూసేదెవరు అంటే మాత్రం ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటారు. అక్కడ పడున్న ప్రతి మెసేజ్ వెనుకా ఎవరిదో రాని పెన్షనో, కదలని ఆర్డరో ఉంటుంది.

ఇక టూల్ దగ్గరికి వద్దాం. బిజ్‌టాక్ మొదటిసారి 2000లో వచ్చింది. 2020 వెర్షనే చివరిదని మైక్రోసాఫ్ట్ చెప్పేసింది. బీపెల్ అనే భాషకు 2007లో ప్రమాణంగా ముద్ర పడింది. అప్పట్లో అదొస్తే చాలనుకున్నారు, ఇప్పుడు దాని ఊసెత్తేవాళ్లు తక్కువ. మ్యూల్‌సాఫ్ట్‌ని 2018లో సేల్స్‌ఫోర్స్ కొనేసింది. గళ్లు కలిపే పనిని ఇప్పుడు ఏఐ కూడా చేసిపెడుతోంది. అదే గ్రెగర్ హోప్, బాబీ వుల్ఫ్ 2003లో రాసిన 'ఎంటర్‌ప్రైజ్ ఇంటిగ్రేషన్ ప్యాటర్న్స్' పుస్తకం చూడండి. అందులోని 65 పద్ధతుల్లో చాలావాటిని మేం ఇప్పటికీ అవే పేర్లతో పిలుస్తున్నాం. 1987 నాటి సాగాస్ ఆలోచనా ఇంకా పనిచేస్తోంది. ఏది నిలిచిందో, ఏది మారిపోతోందో చూశారు కదా. పై విషయాలు ఒంటబట్టిన కుర్రాడికి ఏ టూల్ అయినా రెండు వారాల పని.

మా మేనేజర్లతో ఇంకో గొడవ కూడా పడుతుంటాను. కొత్తవాళ్లను మొదటి మూడు నెలలు ప్రొడక్షన్ సపోర్ట్‌లో కూర్చోబెట్టండి అని. సపోర్ట్ అంటే మా వాళ్లకి చిన్నచూపు. "బీటెక్ చదివి రాత్రుళ్లు టికెట్లు చూసుకోవాలా?" అంటారు. కానీ అర్ధరాత్రి 2 గంటలకు ఆగిపోయిన ఫైల్‌ని తెరిచి, ఎందుకు ఆగిందో వెతికినవాడు మర్నాడు కోడ్ రాస్తే వేరేలా రాస్తాడు. డాక్టర్లు హౌస్ సర్జన్సీ చేయకుండా ప్రాక్టీసు పెట్టరు కదా. మేనేజర్ల వాదనలోనూ నిజముంది. క్లయింట్ కొత్తవాడిని తన సిస్టమ్ ముట్టుకోనివ్వడు, ఖాళీగా కూర్చున్న ప్రతి రోజూ కంపెనీకి ఖర్చే. అందుకే ఇప్పటికి మధ్యేమార్గం ఒకటి కుదిరింది. పాత టికెట్లను, క్లయింట్ వివరాలు తీసేసి, క్లాసులోనే మళ్లీ సృష్టిస్తున్నాం. నేను సర్వర్ ఆపేస్తాను, ఒకే మెసేజ్ రెండుసార్లు పంపుతాను, ఫైల్‌ని సగంలో తెంపేస్తాను. వాళ్లు నన్ను తిట్టుకుంటూ సరిచేస్తారు.

ఇప్పుడు "ఏది నేర్చుకోవాలి" అన్నదానికి సూటిగా చెప్తాను. మీకు అందుబాటు ఫీజులో ఉన్న టూల్ ఏదైనా పర్లేదు. కానీ డబ్బు కట్టే ముందు, డెమో క్లాసులోనే మూడు ప్రశ్నలు అడగండి. మీ ప్రాజెక్టులో అవతలి సిస్టమ్ ఆగిపోతే ఏమవుతుందో చేసి చూపిస్తారా? ఒకే మెసేజ్ రెండుసార్లు వస్తే ఏం జరుగుతుంది? సగం పనయ్యాక ఆగిపోతే మిగతాది ఎలా సర్దుతారు? సార్ సంతోషంగా బోర్డు దగ్గరికి వెళ్తే అక్కడే చేరిపోండి. "అవన్నీ జాబ్‌లో చేరాక నేర్చుకుంటారు" అంటే ఇంకో మెట్లెక్కండి.

ఈలోగా ఖర్చు లేని పని ఒకటి. ఈ ఆదివారం మీ ఇంటి గ్యాస్ బుకింగ్‌ని కాగితం మీద గీయండి. బుక్ చేయడం, డబ్బు కట్టడం, ఏజెన్సీకి చేరడం, డెలివరీ అబ్బాయి కోడ్ అడగడం, ఖాళీ సిలిండర్ వెనక్కి వెళ్లడం. ప్రతి బాణం పక్కన "జవాబు రాకపోతే?" అని రాసి, దాని కింద మీకు తోచింది రాయండి. రాయలేకపోయిన చోట పెన్సిల్‌తో సున్నా చుట్టండి. తర్వాత ఏం నేర్చుకోవాలో ఆ సున్నాలే చెప్తాయి.