సర్వేయర్ల ప్రగతికి గీటురాయి

సంవత్సరాంతమున వృత్తిసంఘములు వార్షిక నివేదికలను వెలువరించుట ఒక ఆచారముగా స్థిరపడినది. నిగనిగలాడు కాగితముపై అధ్యక్షుని చిత్రము, పెరిగిన సభ్యుల సంఖ్య, వసూలైన చందాల మొత్తము, జరిపిన సదస్సులు, కుదుర్చుకొనిన ఒప్పందములు, పంచిపెట్టిన బహుమతులు – ఇవియన్నియు వరుసగా అచ్చుపడి, సర్వసభ్య సమావేశమున కరతాళధ్వనుల మధ్య ఆమోదము పొంది, బీరువాలకు చేరుచుండును. ఇతర వృత్తుల మాట ఎట్లున్నను, భూమిని కొలిచి హద్దు నిర్ణయించి ఆస్తికి విలువకట్టు సర్వేయరు వృత్తికి ఈ తీరు నివేదిక ఎంతమాత్రమును చాలదని మా నిశ్చితాభిప్రాయము. ఆ వృత్తిసంఘము ఏడాదిలో సాధించిన ప్రగతికి గీటురాయి ఒక్కటే: దాని సభ్యుడు వేసిన హద్దును, కట్టిన విలువను, అతనికి రుసుము చెల్లించిన ఆసామియే కాక, గట్టుకు ఆవలనున్న ఎదుటిపక్షమువాడు సైతము నమ్మగలుగుచున్నాడా, లేదా?

ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుకొనవలసివచ్చిన సంస్థలలో ఒకటి లండను నగరమున నెలకొనియున్న రాయల్ ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ చార్టర్డ్ సర్వేయర్స్. ఇంగ్లండు దేశమంతట రైలుమార్గములు అల్లుకొనుచు, వాటికై సేకరింపబడిన భూములకు విలువకట్టుటయందును, పార్లమెంటు ఉపసంఘముల యెదుట సాక్ష్యము పలుకుటయందును సర్వేయర్లకు చేతినిండ పని దొరకిన దినములలో, 1868వ సంవత్సరమున, జాన్ క్లట్టన్ ప్రథమాధ్యక్షుడుగా ఆ సంఘము వెలసెను. పదుమూడేండ్లకు, అనగా 1881లో, అది రాజశాసనమును సంపాదించుకొనెను. వృత్తి యొక్క ఉపయోగము ప్రజాహితమునకై వినియోగపడవలెనని ఆ శాసనము విధించిన షరతు నేటికిని ఆ సంస్థకు మూలసూత్రము. అర్ధశతాబ్దికి పైగా పురుషులకే పరిమితమై యుండిన ఆ సంస్థలోనికి 1922లో ఐరీన్ బార్‌క్లే తొలి మహిళా సభ్యురాలుగా ప్రవేశించెను. ఆ దేశమున సర్వేయరనిన భూమిని కొలుచువాడు మాత్రమే కాక, కట్టడముల లోపములను పరీక్షించువాడును, ఆస్తుల వెల నిర్ణయించువాడును, నిర్మాణపు ఖర్చులను లెక్కకట్టువాడును కూడ ఆ పేరనే వ్యవహరింపబడుటచే, నేడు ఆ సంస్థ ఛత్రము క్రింద దేశదేశములయందు లక్షా ముప్పదివేలకు పైబడిన వృత్తిజీవులు కలరు. దుబాయి, దోహా నగరములలో క్వాంటిటీ సర్వేయర్లుగా జీవనము సాగించు మన తెలుగు ఇంజినీర్లు తమ పేరు చివర ఆ సంస్థ బిరుదును చేర్చుకొనుటకై ఎంత ప్రయాసపడుదురో ఆ కుటుంబములవారికి తెలిసినదే.

ఇంతటి ప్రతిష్ఠగల సంస్థలోనే కంచె చేను మేసిన ఉదంతము జరిగినది. 2018లో దాని ధనాగార నిర్వహణను పరీక్షించిన ఆడిటర్లు, వ్యవహారములపై ఏ భరోసాయు ఇవ్వజాలమని అతినిమ్నశ్రేణి తీర్పు నొసగి, మోసము జరిగినను కంటబడకుండ పోవు ప్రమాదమును, ఆర్థికస్థితి తప్పుగా నివేదింపబడు ప్రమాదమును కలవని హెచ్చరించిరి. ఆ హెచ్చరిక నిర్వాహక మండలి సభ్యులందరి చేతికి సకాలమున చేరలేదు. తమకేల చూపలేదని ప్రశ్నించిన నలుగురు స్వతంత్ర సభ్యులు 2019లో పదవులనుండి తొలగింపబడిరి. విషయము పత్రికలకెక్కి అలజడి చెలరేగిన పిదప, అలిసన్ లెవిట్ అను న్యాయవాది స్వతంత్ర విచారణ జరిపి, 2021 సెప్టెంబరులో నాలుగువందల అరువదియేడు పుటల నివేదికను సమర్పించుచు, ఆ నలుగురు ప్రశ్నించుట న్యాయమనియు, వారిని తొలగించుట అన్యాయమనియు నిర్ద్వంద్వముగా తేల్చిచెప్పెను. దానితో ముఖ్య కార్యనిర్వహణాధికారియు, అధ్యక్షురాలును, పరిపాలక సభాధ్యక్షుడును, నిర్వాహక మండలి అధ్యక్షుడును – నలుగురు నాయకులు పదవులనుండి వైదొలగిరి. గమనింపదగిన విశేషమేమనగా, ఈ వ్యవహారము లోలోపల రగులుచుండిన ఆ సంవత్సరములలోను వార్షిక నివేదికలు యథావిధిగా వెలువడుచునే యుండెను. కొత్త సభ్యులు చేరుచునే యుండిరి. అంకెలు పెరిగినంత మాత్రమున ఆరోగ్యము ఉన్నదనుకొనుట ఎంతటి భ్రాంతియో తెలిసికొనుటకు ఇంతకంటె వేరు దృష్టాంతమేల?

అయితే ఆ సంస్థను నిందించుటతో తృప్తిపడువారు కథలోని సారమైన భాగమును విడిచిపెట్టినవారగుదురు. తన తప్పును విచారించిన నివేదికను ఆ సంస్థ దాచుకొనలేదు; ఎల్లరు చదువుకొనునట్లు సమగ్రముగా బయటపెట్టెను. పిమ్మట మైకేల్ బిచార్డ్ ప్రభువుచే తన స్వరూపమును, ప్రయోజనమును మరల పరీక్షింపజేసికొని, 2022లో ఆయన చేసిన ముప్పదియారు సిఫారసులను అంగీకరించెను. వృత్తికి వెలుపలివారికి ప్రాధాన్యముగల ప్రజాహిత పరిశీలక బృందమును నెలకొల్పవలెననియు, అయిదేండ్లకొకపరి స్వతంత్ర సమీక్షకు తలయొగ్గవలెననియు చేసిన సూచనలు వానిలో ముఖ్యమైనవి. క్రమశిక్షణ విచారణల తీర్పులను తప్పుచేసిన సభ్యుని పేరుతో సహా ప్రకటించు పద్ధతియు అచ్చట కలదు. కట్టిన విలువ తప్పెనని ఇల్లు కొన్నవాడు చేసిన ఫిర్యాదు అట్టి విచారణకు వచ్చినచో దానికేమి గతి పట్టినదో లోకమునకు తెలియును. వార్షిక ప్రగతియని చెప్పుకొనదగినది ఇట్టిది. ఎన్ని ఫిర్యాదులు వచ్చినవి, ఎన్నింటిని విచారించితిమి, ఎందరి యోగ్యతాపత్రములు రద్దుచేసితిమి, మన ఆడిటరు మనలను ఏమని తప్పుపట్టెనని ధైర్యముగా చెప్పగల సంఘమే బ్రతికియున్న సంఘము.

ఇక మన నేల సంగతి చూతము. కొలతల విషయమున మనది దరిద్రదేశము కాదు. 1767లోనే సర్వే ఆఫ్ ఇండియా పుట్టినది. 1802లో విలియం లాంబ్టన్ మద్రాసు చెంత సెయింట్ థామస్ మౌంట్ వద్ద ఆధారరేఖను కొలిచి మహాత్రికోణ సర్వేకు నాంది పలికినాడు. అతని వెంట వచ్చిన జార్జ్ ఎవరెస్టు కృష్ణా గోదావరుల నడిమి అడవులలో జ్వరపీడితుడై మంచము పట్టినాడు. మద్రాసు రాజధానిలోని తెలుగు జిల్లాలకు 1923 నాటి సర్వే, సరిహద్దుల చట్టమును, ప్రతి సర్వేనంబరుకును ఎఫ్.ఎం.బి. అను క్షేత్ర కొలతల పటమును లభించినవి, నిజాము రాజ్యమున టీపన్లను కొలతల పటములు, సేత్వారులను భూముల మూలపట్టికలు ఏర్పడినవి. ఇన్ని యుండియు, ఊరి రైతు నేటికిని సర్వేయరును చూడగానే తన పొలము లెక్క తేలునని సంతోషించుటకు మారుగా, ఈ కొలతలో ఎంత పోవునోయని గుండె బిగబట్టుకొనుచున్నాడు. దీనికి హేతువు పనిముట్ల కొరత కాదు. కొలిచినవాడు ఎవరికి జవాబుదారియో తెలియకపోవుటయే.

కొలతలో తేడా యనునది ఎంత సూక్ష్మముగా వచ్చి ఎంత నష్టము చేయునో చూడుడు. అరువదియారు అడుగుల గొలుసులో నూరు లింకులు. వేయి చదరపు లింకులు ఒక సెంటు. పది గొలుసుల పొడవుగల గట్టును ఒక్క లింకు, అనగా ఎనిమిది అంగుళములైన నిండని మేర, ప్రక్కకు జరిపినచో ఒక సెంటు భూమి ఒకని చేతినుండి వేరొకని చేతికి పోవును. సర్వేయరు పొలమునకు వచ్చునప్పటికి హద్దురాళ్ళలో ఒకటి కాలువ త్రవ్వకములో కొట్టుకొనిపోయి యుండును. మరియొకటి పశువుల కొట్టమునకు గుంజగా మారియుండును. మిగిలిన రాయి పాతిన చోటనే యున్నదో, రాత్రికి రాత్రి నడచివచ్చినదో ఇరుపక్షములవారు రెండు విధములుగా చెప్పుదురు. పటములోని కొలతకును, నేలపై అనుభవమునకును పొత్తు కుదరదు. అట్టి సమయమున ఏ రాతినుండి కొలత ప్రారంభింపవలెనన్న నిర్ణయము ఆ మనిషి వివేకముపై, నిజాయితీపై ఆధారపడును. ఉపగ్రహ సంకేతములతో కొలుచు రోవరు యంత్రము ఒక బిందువు ఎచ్చట ఉన్నదో అంగుళములోపు తేడాతో చెప్పగలదు. ఆ బిందువే హద్దు అని చెప్పుట దాని శక్తికి మించిన పని.

ఇప్పుడీ వివేకమును వేలకొలది నూతన హస్తములకు అప్పగించుచున్న తరుణమిది. ఆంధ్రప్రదేశమున 2020 చివర డ్రోనులతోను, ఉపగ్రహాధారిత కేంద్రములతోను ఆరంభమైన రీసర్వే, శాశ్వతహక్కు పేరిట సాగినదియే కాని, విస్తీర్ణములలో తేడాలు వచ్చినవనియు, ఒకే ఎల్.పి. (ల్యాండ్ పార్సెల్) నంబరులో పలువురు చిక్కుకొనిరనియు రైతులు గ్రామసభలలో మొరపెట్టుకొనునట్టి స్థితికి చేరినది. తెలంగాణమున 2025 ఏప్రిల్ 14న అమలులోనికి వచ్చిన భూభారతి చట్టము క్రయవిక్రయములకు సర్వే పటమును జతపరుపవలెనను సంస్కరణకు దారితీసినది; అందులకై ప్రభుత్వము ప్రైవేటు అభ్యర్థులకు శిక్షణ నిచ్చి, పరీక్ష పెట్టి, లైసెన్సు సర్వేయర్లుగా నియోగించుచున్నది. ఈ రెండు ప్రయత్నముల ఉద్దేశమును మేము శంకించుట లేదు; పటము లేని దస్తావేజు తగవులకు పుట్టినిల్లని మేమును నమ్ముదుము. కాని లైసెన్సు చేతికిచ్చుటతో వృత్తి పుట్టదు. కొన్నవాడు పిలిచి, కొన్నవాడే రుసుము చెల్లించిన సర్వేయరు గీసిన పటమునకు ప్రక్కపొలమువాడు కట్టుబడవలెనన్నచో, ఆ పటము తప్పని అతడు మొరపెట్టుకొనుటకు అధికారుల వాకిళ్ళును, సివిల్ కోర్టు మెట్లును తప్ప వేరొక నిష్పాక్షికమైన చోటు ఉండవలదా?

కావున ఉభయ తెలుగు రాష్ట్రములయందును సర్వేయర్లకు శాసనబద్ధమైన మండలి ఏర్పడితీరవలెనని మేము స్పష్టముగా కోరుచున్నాము. ఇది మనకు అపరిచితమైన ఏర్పాటు కాదు. లెక్కల తనిఖీదారులకు 1949 నాటి చట్టమును, భవనశిల్పులకు 1972 నాటి చట్టమును స్వయంనియంత్రణాధికారము నొసగినవి. ఇంటి నమూనా గీయువాడు తప్పుచేసినచో పేరు కొట్టివేయుటకు మండలి యున్నప్పుడు, ఆ యింటి క్రింది నేలను కొలుచువానికి లేకుండుట వింత కాదా? సర్కారు సర్వేయరైనను, లైసెన్సు పొందిన ప్రైవేటు సర్వేయరైనను ఆ మండలి పట్టికలో పేరు నమోదు చేసికొననిదే పటముపై సంతకము చేయరాదు. క్రమశిక్షణ విచారించు పీఠమున సర్వేయర్లకంటె వెలుపలివారు – రైతులు, భూమి పట్టాపొందిన స్త్రీలు, న్యాయమూర్తులుగా పనిచేసినవారు – అధికసంఖ్యలో కూర్చుండవలెను. ప్రతి సంవత్సరము కొన్ని పటములను చీట్లు వేసి ఎన్నుకొని, సంబంధములేని వేరొక సర్వేయరుచే మరల కొలిపించి, తేడాలను ప్రకటింపవలెను. మండలి ఖర్చుల ఆడిటు నివేదిక ఒక్క పంక్తియు తగ్గకుండ శాసనసభ బల్లపై చేరవలెను. ప్రశ్నించిన సభ్యుని తొలగించు అధికారము అధ్యక్షునికి ఉండరాదు. లండను సంస్థ ఎంతో మూల్యము చెల్లించి నేర్చుకొనిన పాఠమిది. మనము ఉచితముగా గ్రహింపవచ్చును. వార్షిక నివేదిక తేటతెలుగులో అచ్చుపడి, గ్రామ సచివాలయమునను పంచాయతీ కార్యాలయమునను రైతు చేతికందునట్లు ఉండవలెను.

దీనికి ఆక్షేపణలు రాకపోవు. రెవిన్యూశాఖయే పర్యవేక్షించుచుండగా వేరు మండలి యేలయని కొందరు అడుగుదురు. కొలిపించువాడును, కొలతను ఆమోదించువాడును, కొలతపై అప్పీలు వినువాడును ఒకే శాఖవాడైనప్పుడు ఎదుటిపక్షమువానికి నమ్మకము ఎచ్చటినుండి కలుగును? సంఘములన్నియు చివరకు తమవారిని తామే కాపాడుకొను ముఠాలగునని మరికొందరు అందురు. ఆ భయము నిరాధారము కాదు. అందుచేతనే వెలుపలివారి ఆధిక్యమును, ఆడిటు ప్రకటనను మేము పట్టుబట్టుచున్నాము. ఈ ఖర్చంతయు తుదకు రైతుపై పడునను వాదము మూడవది. ఒక సెంటు గట్టు తగాదా రెండు తరములు కోర్టులో నానినచో వకీళ్ళకును, ప్రయాణములకును అయ్యెడు వ్యయము ఆ సెంటు విలువను ఎన్నిమార్లు మించిపోవునో ఏ పల్లెలో అడిగినను చెప్పుదురు. దాని యెదుట నమోదు రుసుము లెక్కకు రాదు.

ఈ మండలివలన అందరికంటె అధికముగా లాభపడువాడు నిజాయితీగల సర్వేయరే యని కూడ చెప్పవలసియున్నది. నేడు పెద్దమనిషి ఒత్తిడికి లొంగక న్యాయమైన రాయి పాతిన సర్వేయరునకును, ముడుపు పుచ్చుకొని రాయి జరిపినవానికిని లోకము దృష్టిలో భేదము లేదు; ఇరువురును ఒకే అనుమానమునకు గురియగుచున్నారు. మంచివానిని చెడ్డవానినుండి వేరుచేసి చూపగల పీఠము ఏర్పడిననాడే ఆ వృత్తికి గౌరవము దక్కును. కనుక సర్వేయర్ల సంఘములు జీతభత్యములకై చేయు విజ్ఞప్తులలో మొదటి కోరికగా ఈ మండలినే చేర్చుకొనవలెను.

రాబోవు సమావేశములలోనే రెండు శాసనసభలును ఇందులకు బిల్లును చేపట్టవలెను. లైసెన్సులు ముందు, నియంత్రణ తరువాత అను క్రమము తలక్రిందులైనది. దానిని సరిదిద్దుటలో ఆలస్యమైనకొలది తప్పుపటములు రికార్డులకెక్కి హక్కులుగా గట్టిపడును. ఎందరికి లైసెన్సులు ఇచ్చితిమని కాక, ఎన్ని తప్పులను పట్టి సరిదిద్దితిమని తొలి ఏడాది చివర చెప్పగల ప్రభుత్వమే ఈ విషయమున ప్రగతి సాధించినదని మేము ఒప్పుకొందుము.