తీరిక వేళ: మణికట్టు మీద కంచు

ఈమధ్య మన క్యాంటీనులోనూ, షిఫ్టు మారే వేళ గేటు దగ్గరా కొందరు యువ ఉద్యోగుల మణికట్టు మీద ఒక తరహా వాచీ కనిపిస్తున్నది. నల్లని డయలు, చీకట్లో సైతం చదువుకోదగిన పెద్ద అంకెలు, ముదురు ఆకుపచ్చ గుడ్డ పట్టీ. ఇంతవరకు అది సైనికుల వాచీ. కేసు మాత్రం ఉక్కుది కాదు, బంగారు పూతదీ కాదు, అచ్చమైన కంచు. కొన్ననాడు కొత్త బిందెలా నిగనిగలాడుతుంది. నెల తిరిగేసరికి బెల్లం రంగుకు దిగుతుంది. వర్షాకాలం గడిచేసరికి చింతపిక్క రంగు తేలుతుంది. విదేశాలలో పేరుపొందిన కంపెనీలవి లక్షలలో ఉంటాయి. సామాన్యమైనవి వేలలో దొరుకుతాయి.

గత నెల ఈ శీర్షికకు అందిన ఉత్తరాలలో ఒకటి ఈ వాచీ గురించే. రాసినవారు మెయింటెనెన్సు విభాగంలో ముప్పై నాలుగేళ్ళు పనిచేసి నిరుడు పదవీ విరమణ చేసిన ఫిట్టరు. పేరు వేయవద్దన్నారు. నావికాదళంలో ఉన్న వారి అబ్బాయి విరమణ సందర్భంగా తండ్రికి కంచు వాచీ బహూకరించాడు. మూడు నెలలకే అది నల్లబడి, పట్టీ తగిలించే కొమ్ముల సందులలో ఆకుపచ్చని చిలుము పుట్టింది. అబ్బాయిని ఎవరో మోసం చేశారని ఇరుగుపొరుగువారు తేల్చేశారు. వారి శ్రీమతి చింతపండూ ఉప్పూ పెట్టి తోమి దానిని తళతళలాడించారు. సెలవు మీద వచ్చిన అబ్బాయి చూసి, "అయ్యో, మూడు నెలల నాన్నగారిని తుడిచేశావేమిటమ్మా!" అన్నాడట. ఆ తల్లి మనసు నొచ్చుకున్నది. "ఇద్దరిలో ఎవరి మాట సబబో తెలియజేయ ప్రార్థన" అని ఆ మిత్రులు ఉత్తరం ముగించారు.

ఇంటి తగవులో తీర్పు చెప్పే సాహసం చేయడానికి ముందు ఆ వాచీ పుట్టుపూర్వోత్తరాలు కొంత తెలుసుకోవడం మంచిది. అందులో రెండు వేరువేరు కథలున్నాయి. ఆకారానిది ఒకటి, లోహానిది మరొకటి.

ఆకారం కథ యుద్ధభూమిలో పుట్టింది. పందొమ్మిదో శతాబ్దం చివరిదాకా మగవారి గడియారం జేబులో ఉండేది; చేతికి కట్టుకునేది స్త్రీల ఆభరణంగా చలామణి అయ్యేది. 1899లో మొదలైన బోయర్ యుద్ధంలో కొందరు అధికారులు జేబు గడియారాన్నే తోలు పట్టీలో ఇమిడ్చి ముంజేతికి కట్టుకున్నారు. ఒక చేత గుర్రం కళ్ళెం, మరొక చేత ఆయుధం ఉన్నవాడు జేబు తడుముకుంటూ కూర్చోలేడు కదా! మొదటి ప్రపంచ యుద్ధం ఆ అవసరాన్ని ప్రాణావసరంగా మార్చింది. ఫిరంగులు తమ గురిని నిమిషాల లెక్కన ముందుకు జరుపుతూ పోతుంటే కాల్బలం వాటి వెనుకనే కదలాలి. తొందరపడితే తమవారి గుండ్లే తగులుతాయి; ఆలస్యమైతే శత్రువు తేరుకుంటాడు. 1916 జులై 1న సోమ్ వద్ద దాడికి నిర్ణయించిన ముహూర్తం ఉదయం 7 గంటల 30 నిమిషాలు. హాథార్న్ గుట్ట కింద పాతిన మందుపాతరను మాత్రం 7 గంటల 20 నిమిషాలకే పేల్చారు. ఆ పది నిమిషాల వ్యవధి అవతలివారికి హెచ్చరికగా పనిచేసింది. ఆ ఒక్కనాడే బ్రిటిష్ సైన్యంలో 19 వేలమందికి పైగా మరణించారు. ఓటమికి కారణాలు ఇంకా అనేకం ఉన్నాయిగాని, గడియారపు ముల్లుకు అంత బరువు ఉండగలదని ప్రపంచం తెలుసుకున్నది అటువంటి ఉదయాలలోనే.

సైనిక వాచీలో మనకు నేడు అందంగా తోచే ప్రతి అంశానికీ ఇటువంటి కారణమే ఉంది. కేసు మెరిస్తే ఎండ తగిలి దూరానికి జాడ తెలుస్తుంది కనుక దానికి మెరుపు ఉండకూడదు. పక్కనున్న బుడిపెను బయటికి లాగగానే సెకన్ల ముల్లు ఆగిపోవాలి. దళంలోని వాచీలన్నిటినీ ఒకే క్షణానికి కలపడానికి అది మార్గం. 1973లో బ్రిటన్ రక్షణశాఖ ప్రమాణంగా నిర్ణయించిన నైలాను పట్టీ రెండు కడ్డీల కింద నుంచీ సాగి పోతుంది. ఒక కడ్డీ ఊడినా వాచీ రెండవదానిని పట్టుకుని వేలాడుతుందేగాని జారి పడదు.

చీకటిలో వెలిగే అంకెల వెనుక ఉన్న కథ మాత్రం బాధాకరమైనది. ఆ వెలుగుకు మొదట వాడింది రేడియం కలిపిన రంగు. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంలోని ఆరెంజ్ పట్టణంలో డయళ్ళకు ఆ రంగు వేసిన యువతులు కుంచె మొన సన్నబడడానికి దానిని పెదవులతో తడిపేవారు. అలా చేయమని నేర్పింది యాజమాన్యమే. దవడ ఎముకలు కుళ్ళి కొందరు మరణించిన తరువాత ఐదుగురు స్త్రీలు న్యాయస్థానానికి వెళ్ళారు. 1928లో రాజీ కుదిరింది. కార్మికుల భద్రతకు సంబంధించిన చట్టాల చరిత్రలో ఆ వ్యాజ్యానికి పెద్ద స్థానమే ఉంది. ఇప్పటి వాచీలలో రేడియం లేదు. పగటి వెలుతురును పీల్చుకుని రాత్రి కొంతసేపు వదిలే పదార్థాలు వాడుతున్నారు. ఇంట్లో తాతలనాటి వాచీ ఉన్నవారు మాత్రం పిల్లల చేత దాని అద్దం విప్పించవద్దు. రేడియం సగమై తరగడానికే 1,600 ఏళ్ళు పడుతుంది. అంకెలలో వెలుగు చచ్చిపోయినా విషం చావదు.

మన దేశంలో ఈ ఆకారాన్ని సామాన్యుని చేతికి తెచ్చింది మనవంటి మరొక ప్రభుత్వరంగ సంస్థే. జపాన్‌లోని సిటిజన్ కంపెనీ సహకారంతో హిందుస్థాన్ మెషీన్ టూల్స్ 1961లో బెంగళూరులో వాచీల తయారీ ప్రారంభించింది. 'జనతా', 'పైలట్', 'జవాన్' అన్న పేర్లు తెలియని ఉద్యోగి కుటుంబం ఆ రోజులలో అరుదు. ఉదయం కాఫీ తాగుతూ కీ ఇవ్వడం ఒక నిత్యవిధి. హెచ్.ఎం.టి. వాచెస్ సంస్థను మూసివేయాలని కేంద్ర ప్రభుత్వం 2016లో నిర్ణయించింది. ఆనాటి 'జవాన్' వాచీలను ఇప్పుడు వెదికి కొనేవారున్నారు. అందుచేత వాటికి నకిలీలు కూడా పుట్టుకొచ్చాయి. పాత యంత్రానికి కొత్తగా అచ్చువేసిన డయలు తగిలించి, సైనిక ముద్రగా ఒక బాణం గుర్తు గీసి అమ్ముతున్నారు.

ఇక లోహం కథ. విశేషమేమంటే, సైన్యాలు తమ దళాలకు ఇచ్చిన ప్రసిద్ధమైన వాచీలలో కంచు కేసు కనబడదు. ఉక్కు, క్రోమియం పూత పూసిన లోహం, తరువాతి కాలంలో ప్లాస్టిక్కు, ఇవే వారి సామగ్రి. అందుచేత "ఇది ఫలానా యుద్ధంలో వాడిన కంచు వాచీకి ప్రతిరూపం" అని ఎవరైనా చెబితే కొంత అనుమానించడం మంచిది.

కాని సైనికునికీ కంచుకూ ఉన్న బంధం గడియారం కన్నా ఎంతో పాతది. ఫిరంగులు పోసింది ఈ లోహంతోనే. 1549లో పోతపోసి, తరువాత బిజాపూరు చేరిన మాలిక్-ఇ-మైదాన్ ఫిరంగి సుమారు 55 టన్నుల కంచు ముద్ద. మన వర్కుషాపులలో బుష్‌లకూ వాల్వులకూ వాడే 'గన్ మెటల్' పేరులో ఆ తుపాకి నేటికీ మిగిలి ఉన్నది. రాగి, తగరం, కొద్దిగా జింకు కలిస్తే అది. ఓడలదీ అదే దారి. ఉప్పునీటికి ఇనుము తినివేయబడుతుంది, కంచు ఓర్చుకుంటుంది. ఈనాటికీ పెద్ద ఓడల ప్రొపెల్లర్లు ఒక జాతి కంచువే. అన్నిటికన్నా నాకు ముచ్చటగా తోచేది మరొకటి ఉంది. మన దేశంలో యుద్ధశౌర్యానికి ఇచ్చే పతకాలలో మహావీర చక్ర, వీర చక్ర వెండివి. వాటన్నిటి పైనున్న పరమవీర చక్ర మాత్రం కంచుది. నాలుగు వజ్రాయుధాలూ, నడుమ రాజ్యచిహ్నమూ ఉన్న ఆ పతకాన్ని రూపొందించిన సావిత్రీ ఖానోల్కర్ పుట్టింది గడియారాలకు పేరుపడిన స్విట్జర్లాండులోని న్యూషటెల్‌లో. భారత సైనికాధికారిని వివాహమాడి ఈ దేశాన్ని తనదిగా చేసుకున్న మహిళ ఆమె.

లోహమూ ఆకారమూ కలిసింది ఇటీవలనే. 1980లలో జెరాల్డ్ జెంటా కంచు వాచీలు చేశాడుగాని, ఈ మోజు ప్రబలింది 2011లో పనెరాయ్ కంపెనీ వెయ్యి వాచీలు విడుదల చేసిన తరువాత. ఆ కంపెనీ ఒకప్పుడు ఇటలీ నావికాదళపు ఈతగాళ్ళకు పరికరాలు అందించినది. 2016లో ఓరిస్ కంపెనీ కార్ల్ బ్రషియర్ పేరిట 2,000 కంచు వాచీలు తెచ్చింది. బ్రషియర్ అమెరికా నావికాదళంలో గజ ఈతగాడు, నల్లజాతీయుడు. 1966లో స్పెయిన్ తీరాన సముద్రంలో పడిన హైడ్రోజన్ బాంబును వెలికి తీసే పనిలో ప్రమాదానికి గురై ఎడమ కాలు పోగొట్టుకున్నాడు. కృత్రిమ కాలుతో పట్టుబట్టి 1968లో మళ్ళీ నీటిలో దిగాడు. 1970లో ఆ దళంలో మాస్టర్ డైవర్ హోదా పొందిన మొదటి నల్లజాతీయుడైనాడు. అతని తరంవారు ధరించిన శిరస్త్రాణాలు రాగితో, ఇత్తడితో చేసినవి. ఆ జ్ఞాపకం కంచులో ఉండడం ఉచితమే.

రంగు మారడం మోసమా అన్నది మిత్రుల ప్రశ్న. కానే కాదు, మారకపోతేనే సందేహించాలి. వాచీలకు వాడే కంచులో సాధారణంగా నూటికి తొంభై రెండు పాళ్ళు రాగి, ఎనిమిది పాళ్ళు తగరం. (గుడిగంట కంచులో తగరం ఇరవై పాళ్ళు దాటుతుంది. అది ఖంగున మోగుతుంది, కింద పడితే పగులుతుంది.) గాలి తగిలి మొదట ఎర్రని పొర, తరువాత గోధుమ, నలుపు పొరలు ఏర్పడతాయి. చెమటలోనూ సముద్రపు గాలిలోనూ ఉన్న ఉప్పు తోడైతే ఆకుపచ్చ వస్తుంది. తగరానికి బదులు అల్యూమినియం కలిపిన కంచు కూడా ఉంది. దాని రంగు నెమ్మదిగా, కొద్దిగా మాత్రమే మారుతుంది. ఇద్దరు అన్నదమ్ములు ఒకే రోజున ఒకే వాచీ కొన్నా, విశాఖలో ఉన్నవానిదీ హైదరాబాదులో ఉన్నవానిదీ ఏడాదికి ఒకేలా ఉండవు. ఈ వాచీని సొంతం చేసుకోవడంలోని ఆనందమంతా ఇదే. సైనికులది అరువు తెచ్చుకున్న రూపం. దాని మీద మచ్చ మాత్రం ధరించినవానిది. అందుకే ఆ మచ్చను కొనుక్కోవడం నాకు రుచించదు. ఉడికించిన కోడిగుడ్డుతో కలిపి డబ్బాలో మూసిపెడితే గంధకపు ఆవిరికి కంచు ఒక్కరాత్రిలో పదేళ్ళ ముసలిదవుతుంది. అలా చేసి మురిసిపోయేవారూ, అలా చేసి అమ్మేవారూ ఉన్నారు. డయలు మీద దొంగ బాణం గీయడానికీ దీనికీ నాకు పెద్ద తేడా కనిపించదు.

ఈ లెక్కన అబ్బాయి మాట నిజమే. ఆ గోధుమ పొరలో తండ్రిగారి చెమట ఉంది, విరమణ తరువాత మూడు నెలల పెరటి పని ఉంది. కాని తల్లిగారు చేసిందీ తప్పు కాదు. మన ఇళ్ళలో కంచుకూ ఇత్తడికీ చిలుము పట్టనివ్వకపోవడం కేవలం శుభ్రం కోసం కాదు. పులుసు తగిలిన పాత్రలో పుట్టే చిలుము విషం. అందుకే ఇత్తడి గిన్నెలకు కళాయి పూయించారు, అందుకే చింతపండుతో తోమారు. తరాల తరబడి ఇంటిల్లిపాదినీ కాపాడిన చేతివాటం అది. వాచీలో ఎవరూ పులుసు కాచుకోరు కనుక అక్కడ ఆ భయం లేదు, అంతే తేడా. పైగా నష్టం ఏమీ జరగలేదు. తోమిన మర్నాటి నుంచే లోహం మళ్ళీ రాయడం మొదలుపెడుతుంది. మూడు నెలలు పోయాయిగాని ముప్పై ఏళ్ళు ముందున్నాయి.

జాగ్రత్తలు కొద్దిగానే. వాచీ అడుగు మూత ఉక్కుతోగాని టైటానియంతోగాని చేసినదై ఉండాలి. అది కంచుదైతే చర్మం మీద ఆకుపచ్చ మరక పడుతుంది. కడిగితే పోయే మరకే అయినా చర్మం సున్నితమైనవారికి దురద పుట్టవచ్చు. చెమట పట్టిన రోజున పొడిగుడ్డతో తుడిస్తే చాలు. కొమ్ముల సందులలో చిలుము గట్టిపడితే మెత్తని పళ్ళకుంచెతో పొడిగా రాయాలి. పులుపు నీళ్ళలో మాత్రం వాచీని ముంచరాదు. రబ్బరు వాషర్లు పాతబడి ఉంటే తడి లోపలి యంత్రానికి చేరుతుంది. పట్టీ బకిలు కూడా కంచుదైతే అది కేసుకన్నా ముందే నల్లబడుతుంది, చెమట చేరేది అక్కడే. మిత్రులకు నా సలహా ఒక్కటే: కేసును అబ్బాయి కోరినట్లు వదిలేయండి, బకిలును విప్పి పండగకొకసారి అమ్మగారి చేతికివ్వండి.