భూమిలోని రాగికి వెల యెంత?

మన ఇండ్లలో రాగి బిందెలు, గుండిగలు అటక మీదికి చేరి చాలా కాలమైంది. స్టీలు వచ్చింది, తరువాత ప్లాస్టిక్కు వచ్చింది. అమ్మమ్మల పేర్లు చెక్కిన రాగి సామాను మాత్రం మూటగట్టి పైన పెట్టుకొన్నాము. ఏ పెళ్ళి ఖర్చో మీద పడినప్పుడు దానిని దించి పాత్రల దుకాణానికి తీసుకుపోతాము. దుకాణదారు తూచి ఒక ధర చెబుతాడు. నిరుడు చెప్పింది ఒకటి, ఈ యేడు చెప్పేది మరొకటి. బిందె అదే, బరువూ అదే. అయితే మన అటక మీద వున్న ఆస్తి యెంత అని ఇల్లాలు అడిగితే ఇంటాయన యేమని చెప్పాలి?

ఒక దేశం దేశమే నూరేళ్ళుగా ఈ ప్రశ్నతో కాపురం చేస్తున్నది. అది దక్షిణ అమెరికాలో, పసిఫిక్ మహాసముద్రపు ఒడ్డున పట్టుపంచె అంచులాగా సన్నగా, పొడవుగా సాగిన చిలీ. దాని ఉత్తర భాగాన వున్న అటకామా ఎడారే ప్రపంచంలోకెల్లా పెద్ద రాగి అటక. అమెరికా భూగర్భ సర్వేవారు 2024లో వేసిన లెక్క ప్రకారం చిలీ భూమిలో తవ్వదగిన రాగి 19 కోట్ల టన్నులు. ప్రపంచమంతటా వున్నదానిలో ఇది సుమారు అయిదవ వంతు.

దీనికి వెల కట్టి చూద్దాము. 2016 జనవరిలో టన్ను రాగి 4,500 డాలర్ల లోపు పలికింది. ఆ ధరన 19 కోట్ల టన్నులకు సుమారు 85,000 కోట్ల డాలర్లు. 2024 మే నెలలో ధర 11,000 దాటింది. అప్పుడు అదే రాగి 2 లక్షల కోట్ల డాలర్ల పైచిలుకు. గునపం వేయకుండా, ఒక్క రాయి కదలకుండా ఆస్తి రెట్టింపును మించింది. కాని ఇలా వచ్చినది ఇలాగే పోగలదని మరువరాదు.

పైగా ఈ గుణకారంలో ఒక పొరపాటున్నది. అటక మీది బిందెను దించడానికి నిచ్చెన చాలు. భూమిలోని రాగిని తీయడానికి కూలి కావాలి, కరెంటు కావాలి, ఎడారిలో నీళ్ళు కావాలి. టన్ను రాగి తీయడానికి 6,000 డాలర్లు ఖర్చయ్యే గని ఒకటి వున్నదనుకోండి. ధర 9,000 వుంటే టన్నుకు 3,000 మిగులు. ధర 6,000కు దిగితే మిగులు సున్న. ధరలో పోయింది మూడవ వంతే. గని వెల మాత్రం మొత్తంగా పోయింది. అప్పుడు అందులోని రాగి రాగిగానే వుంటుంది, "తవ్వదగిన రాగి" లెక్కలోనుంచి తప్పుకొంటుంది.

ఇందుకు ఎదురు విచిత్రం కూడా వున్నది. 2000 ప్రాంతంలో ఇదే సర్వేవారు చిలీ నిల్వ 9 కోట్ల టన్నులకు కొంచెం తక్కువ అన్నారు. ఆ తరువాత చిలీవారు యేటా 50 లక్షల టన్నులకు అటూ ఇటూగా తవ్వి, 12 కోట్ల టన్నులకు పైగా అమ్ముకొన్నారు. అంటే వున్నదనుకొన్న దానికంటె ఎక్కువ ఖర్చు చేశారు. అయినా నేడు 19 కోట్లు మిగిలి వున్నది! ఇది అక్షయపాత్ర కాదు. కొత్త చోట్ల వెదికారు; ఆమ్లంతో రాతి గుట్టలను తడిపి నాసి ఖనిజంనుంచి కూడా రాగిని దింపే పద్ధతులు వ్యాపించాయి; ధర పెరగడంతో పనికిరాదనుకొన్న రాయి పనికివచ్చింది. కనుక నిల్వ అనేది భూమి ఒక్కటే చెప్పే లెక్క కాదు. భూమి, బజారు, మనిషి తెలివి ముగ్గురూ కలిసి చెప్పే లెక్క.

మనిషి తెలివి మేలు చేసినట్లే కీడూ చేయగలదు. రాగికి ముందు చిలీవారి సిరి సురేకారం. 1879లో మొదలైన యుద్ధంలో పెరూ, బొలీవియాల నుంచి గెలుచుకొన్న ఎడారిలో అది దొరికింది. ఎరువులకూ మందుగుండుకూ ప్రపంచమంతా దానినే కొన్నది. కొన్ని దశాబ్దాలపాటు ప్రభుత్వ రాబడిలో దగ్గర దగ్గర సగం దానిమీది సుంకమే. 1913లో జర్మనీవారు గాలిలోని నత్రజనినుంచి ఎరువు సరుకు చేసే కార్ఖానా తెరిచారు. 1930 దాటేసరికి సురేకారం వ్యాపారం కుప్పకూలింది. హంబర్‌స్టోన్ అనే గని పట్నం 1960లో మూతపడింది. నేడు అక్కడ నాటకశాల వున్నది, ఈతకొలను వున్నది, కాపురమున్నవారు మాత్రం లేరు. సురేకారం ఇంకా ఆ నేలలో వున్నది. దాని కాలం వెళ్ళిపోయింది.

తరువాత రాగి ఆదుకొన్నది. చుకికమాటా, ఎల్ తెనియెంతే అనే పెద్ద గనులు అమెరికా కంపెనీల చేతిలో వుండేవి. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా ప్రభుత్వం రాగి ధరను పౌనుకు సుమారు 12 సెంట్లకు కట్టివేసింది. రాగి చిలీది, ధర చెప్పే నోరు మరొకరిది. రాగి చిలీ దేశపు జీతమని అధ్యక్షుడు అయెందే అనేవాడు. 1971 జులై 11న చిలీ పార్లమెంటు ఏకగ్రీవంగా పెద్ద గనులను జాతీయం చేసింది. అయితే ఆ యేడే లండను బజారులో రాగి సగటు ధర అంతకు ముందు యేటి 64 సెంట్లనుంచి 49 సెంట్లకు పడిపోయింది. గని చేతికి వచ్చింది గాని ధర చేతికి రాలేదు.

చేతిలో లేనిదాని కోసం ఏడవక, చేతిలో వున్నదానిని సర్దుకోవడం నేర్చుకోవడమే ఈ కథలో మాకు నచ్చిన ఘట్టం. ధర బాగున్న యేట వచ్చినదంతా ఖర్చు చేయరాదనీ, దీర్ఘకాలపు ధర యెంత వుండవచ్చునో అంచనా వేసి ఆ మేరకే బడ్జెటు వ్రాసుకోవాలనీ 2001నుంచి ఒక నియమం పెట్టుకొన్నారు. మిగిలినది దాచడానికి 2006, 2007లలో రెండు నిధులు ఏర్పరచారు. మన అమ్మలు పోపుల డబ్బాలో దాచిన పద్ధతే. రాగి మంచి ధరలో వుండగా ఆర్థికమంత్రి వెలాస్కో పిడికిలి విప్పడం లేదని జనం తిట్టిపోశారు. 2008 నడిమిలో 8,000 డాలర్లు దాటిన టన్ను ధర డిసెంబరులో 3,000కు దిగువకు జారింది. అప్పటికి నిధిలో 2,000 కోట్ల డాలర్లున్నవి. 2009లో అందులోనుంచి 900 కోట్లకు పైగా తీసి దేశాన్ని గట్టెక్కించారు. తిట్టిన నోళ్ళే మెచ్చుకొన్నవి.

ఇంతటితో కథ కంచికి పోలేదు. 2020, 2021 మహమ్మారి రోజులలో ఆ నిధిలో చాలా భాగం కరిగింది. ఒకప్పుడు నూటికి ఒక పాలు మించి రాగి పడిన రాతిలో ఇప్పుడు ముప్పాతిక పాలు కూడా పడడం లేదు. చుకికమాటా గుంట కిలోమీటరు లోతుకు చేరగా, 2019నుంచి దాని అడుగున సొరంగాలలో తవ్వుతున్నారు. సముద్రపు నీటిని ఉప్పు తీసి కొండమీదికి ఎక్కిస్తున్నారు. కరెంటు బండ్లకూ తీగలకూ రాగి కావాలని ప్రపంచం అడుగుతున్నది నిజమే. చాలా పనులకు అల్యూమినియం పోటీకి నిలబడి వున్నదన్నదీ నిజమే.

కాబట్టి భూమిలోని రాగికి వెల యెంత అంటే ఒక్క అంకె చెప్పి ఊరుకోలేము. బజారు ధర పొద్దుటికీ సాయంత్రానికీ మారుతుంది. మారనిది ఒకటే: తీసిన రాగి మళ్ళీ భూమిలో పుట్టదు. దాని బదులు బడి కట్టామా, ముసలివారి భత్యానికి దాచామా, విందు చేసుకొన్నామా అన్నదానిమీదనే అసలు వెల నిలుస్తుంది. అటక మీది బిందె అమ్మి ఆడపిల్లను చదివించిన ఇల్లూ వున్నది, పండుగ బాణసంచా కొన్న ఇల్లూ వున్నది. తూకం రెండిళ్ళకూ ఒక్కటే. పదేళ్ళు పోయిన తరువాత ఆ బిందె వెల యెంతో ఆ రెండిళ్ళవారినీ అడగండి.