ఒకసారి కరిచాక...

ఫిబ్రవరి వచ్చిందంటే గుంటూరు, ప్రకాశం పల్లెల్లో మిరప కల్లాలు ఎర్రబడతాయి. ఆరబోసిన కాయకి రాత్రిళ్లు కాపలా ఉండాలి. రైతుకి తోడు కుక్క. చీకట్లో ఎవరి మీదికైనా ఉరికితే 'భలే కుక్క' అంటారు. తెల్లారి తాలుకాయ ఏరడానికి వచ్చిన కూలీ పిక్క పట్టుకుంటే 'పిచ్చెక్కింది' అంటారు. ఇక కొట్టి చంపడమో, గోతంలో వేసి పక్కూరి కాలవగట్టున వదిలి రావడమో!

ముందు కూలీ సంగతి చూడాలి. గాయాన్ని సబ్బుతో, ధారగా పోసే నీళ్లతో పావుగంట కడగాలి. పసుపు, సున్నం పెట్టొద్దు. అదే రోజు టీకా మొదలుపెట్టాలి. రక్తం వస్తే గాయంలోకి ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా వేయించాలి. బొడ్డు చుట్టూ సూదులన్నది 2005కి ముందు మాట. ఇప్పుడు చేతికే వేస్తారు. వైద్యం ఖర్చూ, పోయిన రోజుల కూలీ భరించాల్సింది కుక్క యజమానే. అజాగ్రత్తగా వదిలేస్తే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు కూడా పడొచ్చు.

కుక్కని చంపకుండా పది రోజులు కనిపెట్టాలి. కరిచేనాటికే ఉమ్మిలో రేబిస్ ఉంటే ఆలోపు బయటపడుతుంది. అది బాగానే ఉంటే పశువుల డాక్టరుకి చూపించాలి. చెవిలో చీము, కీళ్లనొప్పి ఉన్న కుక్క చెయ్యి వేయనివ్వదు. తర్వాత చూడాల్సింది గొలుసు. దారి పక్కన మూరెడు గొలుసుతో కట్టేస్తే కొత్తవాళ్లని చూసి తప్పుకుపోయే వీలుండదు, కరుస్తుంది. తడికె చాటుకి మారిస్తే సగం బాధ తగ్గుతుంది.

ఇక అలవాటు మార్చడం. కూలీలు ఎంత దూరంలో ఉంటే అది మొరగకుండా చూస్తుందో అక్కడ మొదలుపెట్టాలి. మనిషి కనబడగానే ఓ గుడ్డుముక్క. కనుమరుగైతే ముక్క బంద్. కొన్నాళ్లకి నాలుగడుగులు దగ్గరికి. గుర్రుమంటే దూరం చాలలేదన్నమాట, వెనక్కి రావాలి. మనవాళ్లు ఇక్కడే కర్ర తీస్తారు. దెబ్బలకి గుర్రుమనడం మానుతుందేమోగానీ భయం పోదు. మరోసారి హెచ్చరిక లేకుండానే పళ్లు దిగుతాయి.

నూర్పిళ్లప్పుడు ఎద్దుల మూతికి కట్టే చిక్కం తెలుసుగా? కుక్కలకీ అలాంటి బుట్టలు దొరుకుతాయి. గుడ్డతో మాత్రం బిగించొద్దు. నోరు తెరిచి రొప్పితేనే దాని ఒళ్లు చల్లబడుతుంది, మన ఎండలకి ప్రాణం మీదికొస్తుంది. బుట్టలో పెరుగన్నం పూసి, తనంతట తనే మూతి పెట్టేలా రోజూ కాసేపు అలవాటు చేయాలి.

నెలలు పడుతుంది. అప్పటికీ కొన్ని కుక్కల్ని పిల్లలున్న చోట విడిచిపెట్టే రోజు రాకపోవచ్చు. పత్తి తీతకైనా, మిరప కోతకైనా కొత్త ముఠా దిగిన రోజే వాళ్లకి కుక్కని దూరం నుంచి చూపించి, 'ఇది కరిచిన కుక్క, తడికె దాటి రాకండమ్మా' అని చెప్పేయాలి.