కళాకారుడికి అందని గ్రాంటు

ఇల్లినాయిస్ రాష్ట్రంలోని నేపర్‌విల్ నగరం హోటల్ భోజనంపై వసూలు చేసే ఒక శాతం ఆహార పానీయాల పన్నులో కొంత భాగం, ‘సెకా’ అని పిలిచే ప్రత్యేక ఉత్సవాల, సాంస్కృతిక సదుపాయాల నిధికి చేరి, గ్రాంటుగా, అంటే తిరిగి చెల్లించనక్కరలేని సహాయంగా, లాభాపేక్ష లేని సంస్థలకు అందుతుంది. అక్కడి హోటల్లో దోసె తిన్న తెలుగు కుటుంబం కూడా ఆ పన్ను కట్టినదే అయినా, తమ అమ్మాయి కూచిపూడి రంగప్రవేశానికి అయ్యే హాలు అద్దె, నట్టువాంగం, మృదంగం, వయొలిన్ కళాకారుల పారితోషికం, ఆహార్యం ఖర్చు మొత్తం సాధారణంగా తల్లిదండ్రులే భరించడం న్యాయం కాదు. ఫెడరల్ కళానిధి సైతం 1990ల మధ్యలో కాంగ్రెస్ విధించిన ఆంక్షల వల్ల, అప్పట్లో రచయితలకిచ్చిన ఫెలోషిప్పుల వంటి కొన్నింటిని మినహాయించి, వ్యక్తులకు నేరుగా గ్రాంట్లివ్వడం మానుకుంది. సంస్థలకే తెరుచుకునే ఈ ద్వారాల ముందు ఒంటరి కళాకారుడికి మిగిలే మార్గం ఆర్థిక ప్రాయోజకత్వం; అంటే పన్ను మినహాయింపు పొందిన ఒక సంస్థ, కళాకారుడి తరఫున నిధిని స్వీకరించి, ఖర్చుకు లెక్క చెప్పే బాధ్యత వహించడం. ఇది కాక, ఇల్లినాయిస్ ఆర్ట్స్ కౌన్సిల్ జానపద, సంప్రదాయ కళల్లో గురువుకూ శిష్యుడికీ కలిపి సహాయమిచ్చే పథకాన్ని నడిపిన సంగతి ఎందరు నాట్యాచార్యులకు తెలుసు? ఉగాది వేడుకలకు ఇంత శ్రమపడే తెలుగు సంఘాలు, దరఖాస్తులు రాయగల ఒక చిన్న బృందాన్ని ఈ ఏడాదే నియమించి, అర్హులైన కళాకారులకు ప్రాయోజకులుగా నిలబడాలి.