నీటి బుడగలు సరే... నింద ఆడపిల్లకేనా?

‘అమ్మాయికి పీసీఓడీ అట’ అనే మాట ఇప్పుడు జలుబూ జ్వరం అన్నంత మామూలైపోయింది. మాట మామూలైంది గానీ దాని వెంట వచ్చే నిందలు తగ్గలేదు. నెలసరి తప్పితే ‘కూర్చుని తింటోంది, అందుకే’ అంటారు. గడ్డం మీద నాలుగు వెంట్రుకలొస్తే సంబంధం చెడుతుందని దాచేస్తారు. ‘పెళ్ళయితే అన్నీ అవే సర్దుకుంటాయి’ అని తేల్చేస్తారు. ఈ ధోరణి ఎంత పొరపాటో శాస్త్రం చెబుతూనే ఉంది. అది మన ఇళ్ళదాకా రాలేదనే నా బాధ.

ఈ సమస్యను 1935లో షికాగో డాక్టర్లు స్టెయిన్, లెవెంతాల్ ఏడుగురు స్త్రీలలో గమనించి వివరించారు. మనం నీటి బుడగలంటున్నవి నిజానికి పూర్తిగా ఎదగకుండా మధ్యలో ఆగిపోయిన అండాల సంచులు. ఎందుకాగిపోతాయి? చాలామందిలో పిట్యూటరీ గ్రంథి నుంచి ఎల్‌హెచ్ అనే హార్మోను ఎక్కువగా వస్తుంది. దాంతో అండాశయం పురుష హార్మోన్లను ఎక్కువగా తయారు చేస్తుంది. రక్తంలో పెరిగిన ఇన్సులిన్ దానికి ఆజ్యం పోస్తుంది. మొటిమలు, అవాంఛిత రోమాలు, తప్పే నెలసరి అన్నీ ఈ గొలుసులోవే.

మరి ఈ గొలుసు మొదలెక్కడ? 2011లో చైనా పరిశోధకులు వేలమంది స్త్రీల జన్యువులను పోల్చి మూడుచోట్ల తేడాలు పట్టుకున్నారు. వాటిలో ఒకటి ‘డెన్‌డి1ఎ’ జన్యువు. జన్యువు ఉండటం వేరు, అది పనిచేసే తీరు వేరు. రేడియో ప్రతి ఇంట్లో ఉన్నా ఒకరింట్లో మెల్లగా, ఇంకొకరింట్లో వీధంతా వినపడేలా మోగినట్టన్నమాట. 2014లో అమెరికా పరిశోధకులు ఈ జన్యువు నుంచి వచ్చే ఒక రకం ప్రొటీను, సమస్య ఉన్నవారి అండాశయ కణాల్లో ఎక్కువగా ఉందని గమనించారు. మామూలు కణాల్లో దాన్ని పెంచితే అవీ పురుష హార్మోన్లు ఎక్కువగా తయారు చేశాయి. సమస్య ఉన్న కణాల్లో దాన్ని అణిస్తే ఆ హార్మోన్లు తగ్గాయి. అంటే బద్ధకం కాదు, కణంలోనే ఆ మోత ఉంది! సన్నగా ఉన్న పిల్లలకూ ఈ సమస్య వస్తుందంటే ఆశ్చర్యం ఏముంది?

2018లో ఫ్రాన్స్‌లోని లిల్ పరిశోధకులు గర్భంతో ఉన్న ఎలుకలకు ఏఎంహెచ్ హార్మోను ఎక్కువగా ఇచ్చారు. వాటికి పుట్టిన ఆడ ఎలుకల్లో ఇవే లక్షణాలు కనిపించాయి. ఇది ఎలుకల సంగతి. దీన్ని పట్టుకుని కూతురి మీది నింద తీసి తల్లి నెత్తిన పెట్టకండి. జన్యువులు తండ్రి వైపు నుంచి కూడా వస్తాయి. ‘మీ వైపు నుంచే వచ్చింది’ అనే అత్తగార్లు ఈ సంగతి గుర్తుంచుకుంటే మంచిది.

జన్యుపరీక్షలకు డబ్బు పోయనక్కర్లేదు. రోగనిర్ధారణకు అవి అవసరం లేదు. 2023లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాల్లో మనకు పనికొచ్చేవి చాలా ఉన్నాయి. రజస్వల అయిన 8 ఏళ్ళలోపు పిల్లలకు స్కానింగు చూసి ఈ ముద్ర వేయకూడదు. ఆ వయసులో అండాశయం మామూలుగానే అలా కనిపించవచ్చు. రజస్వల అయి ఏడాది దాటాక ఎప్పుడైనా 90 రోజులు గడిచినా నెలసరి రాకపోతే మాత్రం డాక్టరుకు చూపించాలి. ఏళ్ళ తరబడి వదిలేస్తే గర్భాశయం లోపొర మందమై ముప్పు తెస్తుంది. షుగరు పరీక్ష చేయించాలి. దిగులు, ఆందోళన ఉన్నాయేమో కూడా అడగాలి. పిల్లలు పుట్టరన్న భయం అక్కర్లేదు. అండం విడుదలకు లెట్రోజోల్ లాంటి మందులున్నాయి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన ప్రసవ వయసు స్త్రీలలో నూటికి 10 నుంచి 13 మందికి ఈ సమస్య ఉంది. వారిలో 70 శాతం దాకా అది ఉన్నట్టే తెలియదు. దాచిపెట్టడానికీ, తిట్టడానికీ మనం చెల్లిస్తున్న మూల్యం ఇది. నడక, మితమైన తిండి మేలు చేస్తాయి. అవి ఇంటిల్లిపాదికీ పద్ధతిగా ఉండాలి గానీ ఒక్క ఆడపిల్లకు వేసిన శిక్షలా ఉండకూడదు.