ఆలస్యం ఎవరి లెక్క?

మా ఊరి బస్సు రావిచెట్టు దగ్గర ఆగేది. అక్కడి నుంచి మా వాడకు కిలోమీటరు పైచిలుకు. అదే బస్సు మా ఇళ్ల పక్క మలుపు తిరిగే పోయేది కానీ అక్కడ ఆగేది కాదు. జ్వరంతో ఉన్న మా నాయనమ్మను నులకమంచం మీద చెట్టు దాకా మోసుకెళ్లి, బస్సెక్కించి, మళ్లీ మా గుమ్మాల ముందు నుంచే ఆసుపత్రికి తీసుకుపోయాం. మలుపు దగ్గర స్టాపు పెట్టమని అర్జీ ఇస్తే ‘ప్రయాణికులకు ఆలస్యమవుతుంది’ అన్నారు. మేమూ ప్రయాణికులమేనన్న మాట అప్పుడు మాకెవరికీ తట్టలేదు.

అమెరికాలోని సెయింట్ పాల్ నగరం గురించి తరగతిలో పాఠం చెప్పినప్పుడల్లా ఆ జవాబు గుర్తొస్తుంది. మిన్నెసోటా రాష్ట్ర రాజధాని అది. అక్కడి నల్లజాతి ప్రజల నివాసమైన రోండోను 1950, 60 దశకాల్లో జాతీయ రహదారి నిలువునా చీల్చింది. వందలాది కుటుంబాలు ఇళ్లు కోల్పోయాయి. తర్వాత దాదాపు నాలుగు దశాబ్దాలకు, ఆ రహదారికి సమీపంలోని యూనివర్సిటీ అవెన్యూ మీద మినియాపొలిస్‌ను కలుపుతూ 11 మైళ్ల ట్రామ్ తరహా రైలు మార్గం గీశారు. మిగతా దారిలో స్టాపులు చాలావరకు అరమైలుకొకటి. నల్లజాతివారూ, ఆగ్నేయాసియా నుంచి శరణార్థులుగా వచ్చిన మోంగ్ ప్రజలూ, పేదలూ ఎక్కువగా ఉండే తూర్పు భాగంలో మాత్రం మైలుకొకటి. హామ్లిన్, విక్టోరియా, వెస్టర్న్ కూడళ్లలో స్టాపుల్లేవు. పైగా ఆ దారిలోని సిటీ బస్సులను తగ్గించాలన్నది ప్రణాళిక. మంచు గడ్డకట్టే చలిలో ముసలివాళ్లు అరమైలు నడవాలి.

ఆ కాగితాల్లో జాతి ప్రస్తావన ఎక్కడా లేదు. ఉన్నది ఖర్చు–ప్రయోజన సూచిక. ప్రయాణికులకు ఒక గంట ఆదా చేయడానికి ఎంత ఖర్చవుతోంది అన్నదే అందులో ప్రధానమైన కొలత. కొత్త స్టాపు పెడితే ఖర్చు పెరుగుతుంది, బండి నెమ్మదిస్తుంది, సూచిక దిగజారుతుంది, ఫెడరల్ నిధులు చేజారతాయి. అంటే బండిలో కూర్చున్నవాడి నిమిషం లెక్కకెక్కినంత సులువుగా రోడ్డు పక్క నడిచేవాడి అరగంట ఎక్కదు. స్టాపుల పునాదులు ఇప్పుడే భూమిలో వేస్తాం, పైకట్టడం తర్వాత చూద్దామన్న హామీ కూడా ఇచ్చారు. ‘తర్వాత’ అన్న మాట విలువ మనకు తెలియనిదా!

స్థానికులు ‘స్టాప్స్ ఫర్ అస్’ పేరిట ఏకమయ్యారు. 2010 జనవరిలో ఫెడరల్ రవాణా శాఖ ఆ సూచిక పెత్తనాన్ని సడలించింది; కొద్ది రోజుల్లోనే మూడు స్టాపులకూ ఆమోదం వచ్చింది. 2014 జూన్ 14న మార్గం తెరుచుకున్నప్పుడు ఆ మూడు చోట్లా రైలు ఆగింది. నిర్మాణకాలంలో చిన్న దుకాణదారులు దెబ్బతిన్నారు. అద్దెలు పెరుగుతాయన్న భయమూ వెంట వచ్చింది. స్టాపుతోనే సర్వం సమకూరదు. అయితే సూత్రం దైవవాక్కు కాదని, దాన్ని మనుషులే రాశారని, మార్చగలరని అక్కడ తేలింది.

సూత్రానికి కులం తెలియదని వాదించే మిత్రులకు నా జవాబు ఇదే. కులం ముందుగా నేలను పంచింది. ఊరినీ వాడనూ విడదీసింది. కనుక దూరాన్నీ సమయాన్నీ కొలిచే సూత్రంలో కులం పేరు రాయనక్కర్లేదు, అదే వచ్చి చేరుతుంది. ‘సామర్థ్యం’ కథా ఇంతే. రాజ్యాంగం 335వ అధికరణలోని పాలనా సామర్థ్యం అన్న మాటను రిజర్వేషన్లకు అడ్డుగోడగా ఎన్నేళ్లు వాడలేదు? దానిని అందరినీ కలుపుకునే అర్థంలో చూడాలని 2019లో బి.కె. పవిత్ర కేసులో సుప్రీంకోర్టు చెప్పవలసి వచ్చింది.

హైదరాబాద్ మెట్రో రెండో కారిడార్ ఫలక్‌నుమా దాకా వెళ్లాలి. 2020లో ఎంజీబీఎస్ దగ్గరే ఆగింది. పాతబస్తీలోని అయిదున్నర కిలోమీటర్లు మిగిలిపోయాయి. మార్గ వివాదాలు, ఆస్తుల సేకరణ కారణమన్నారు. అవి నిజమైన చిక్కులే. కానీ అలాంటి చిక్కులను దాటి అమీర్‌పేట మీదుగా మార్గం వేయగలిగినవాళ్లే ఇక్కడ ఎందుకు ఆగిపోయారు? ఇప్పుడు విశాఖ, విజయవాడలకూ మెట్రో పటాలు సిద్ధమవుతున్నాయి. రవాణా మీద పరిశోధన చేసే విద్యార్థులు ఆ పథక నివేదికలు తెప్పించుకుని, ప్రతి స్టేషన్‌కు దగ్గరలోని బస్తీ నుంచి నడక ఎన్ని నిమిషాలో కొలవాలి. ఆ నిమిషాలకు నివేదికలో ఒక గడి ఉందో లేదో చూడాలి. లేకపోతే అభిప్రాయ సేకరణ సభలోనే అడగాలి, పునాదిరాయి పడకముందే.